ఏ ఎస్ప్రెస్సో బ్లెండ్‌కు సమీక్ష రాయాలి? ఏ రోస్టర్‌ను ఎంచుకోవాలి?

పావు కిలో గింజల సంచిలో, షాట్‌కు (మెషీన్ మీద ఒకసారి తీసే ఎస్ప్రెస్సోకు) 18 గ్రాముల చొప్పున, పద్నాలుగు షాట్లు కూడా పూర్తిగా రావు. గ్రైండ్ (పొడి ఎంత మెత్తగా ఉండాలన్నది) కుదుర్చుకోవడానికే అందులో రెండు మూడు పోతాయి. మీ సమీక్ష చదివి ఆ సంచి కొన్నవారికి చేతిలో మిగిలేది అంతే. అందుకే సమీక్ష ఎలా రాయాలన్నదానికంటే ముందు, దేని గురించి రాయాలన్నది తేల్చుకోవాలి. వచ్చిన ప్రతి బ్లెండ్ (వేర్వేరు గింజలు కలిపి అమ్మే కాఫీ) గురించీ రాయడం ఎవరి వల్లా కాదు. రాసినా చదివేవారికి అందులో దారి దొరకదు.

నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. నేను తాగిన కాఫీయే, నా మాట నమ్మి కొన్నవారి కప్పులోకీ వస్తుందా? వస్తుందన్న నమ్మకం కుదిరితేనే రాస్తాను. ఎంత గొప్ప రుచి అయినా ఒక్క బ్యాచ్‌తో ముగిసిపోయేదైతే ఆ ఆనందం నా ఒక్కడిదే అవుతుంది, చదివినవారికి అందదు. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే.

1. ముందు చదివేవారిని తలచుకోండి

పాలు కలుపుకుని తాగేవారికీ ఏమీ కలపకుండా తాగేవారికీ ఒకే బ్లెండ్ ఒకేలా నచ్చదు. పాలలోని ప్రోటీన్లు కాఫీలోని వగరును పట్టేసి మెత్తబరుస్తాయి. అందుకే విడిగా తాగితే మొరటుగా తోచిన బ్లెండ్ కపుచ్చినోలో నిండుగా అనిపిస్తుంది. తేలికగా వేయించిన, పండ్ల పులుపు ఉన్న బ్లెండ్ అదే పాలలో పలచబడి, ఒక్కోసారి పాలు విరిగాయేమో అనిపించేంత పుల్లగా తగులుతుంది. మీ పాఠకుల్లో ఎక్కువమంది ఎలా తాగుతారో, వారి దగ్గర ఎలాంటి మెషీన్, ఎలాంటి గ్రైండర్ ఉంటాయో ఒక అంచనాకు రండి. ఇంట్లో వాడే చిన్న మెషీన్లలో నీటి వేడి ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కే మారిపోతుంటుంది. వాటి మీద కూడా కుదురుకునే బ్లెండ్‌కు జాబితాలో ముందు చోటు ఇవ్వండి. ఖరీదైన గ్రైండర్ ఉంటేనే రుచి పలికే కాఫీ గురించి రాయకూడదని కాదు, ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి.

2. జాబితాను పేర్లతో కాదు, రకాలతో నింపండి

పేరున్న రోస్టర్లతో, అంటే గింజలు వేయించి అమ్మేవారితో, మొదలుపెడితే జాబితా అక్కడే ఆగిపోతుంది. రకాలుగా విడగొట్టి చూడండి. అరబికా, రోబస్టా అనే రెండు కాఫీ జాతుల గింజలు కలిపి ముదురుగా వేయించే పాత ఇటాలియన్ తరహా బ్లెండ్లు ఒకటి. ఏడాది పొడవునా ఒకే రుచి నిలబెట్టాలని చూసే అరబికా బ్లెండ్లు ఇంకొకటి. కోతలను బట్టి గింజలు మార్చుకుంటూ పోయే సీజనల్ బ్లెండ్లు మరొకటి. ఇవి కాక ఎస్ప్రెస్సో కోసమే వేయించిన సింగిల్ ఆరిజిన్ (ఒకే చోట పండిన) కాఫీలు, చివరగా కెఫీన్ తీసేసిన డీకాఫ్.

డీకాఫ్‌ను చాలామంది సమీక్షకులు పక్కన పెట్టేస్తారు. నా దృష్టిలో అది అన్యాయం. రాత్రిపూట కాఫీ తాగాలనుకునేవారు, కెఫీన్ పడనివారు ఎవరిని అడగాలి? కెఫీన్ తీసే ప్రక్రియలో గింజ గుల్లబారుతుంది, వేయించాక త్వరగా పాతబడుతుంది. కాబట్టి మంచి డీకాఫ్ ఎస్ప్రెస్సో చేయగలిగారంటే ఆ రోస్టర్ చేతిలో పని ఉన్నట్టే. ప్రతి రకం నుంచీ కనీసం ఒకటి ఉండేలా చూసుకోండి.

3. సంచి మీద రాసింది చదవండి, రాయనిది కూడా

మొదట చూడవలసింది వేయించిన తేదీ. లోపలి వాయువును బయటికి మాత్రమే వదిలే వన్-వే వాల్వ్ ఉన్న మామూలు సంచిలో అమ్మే కాఫీకి 'ఫలానా తేదీలోగా వాడండి' అని మాత్రమే ఉండి, వేయించిన తేదీ లేకపోతే ఆ రోస్టర్‌ను అడగండి. చెప్పకపోతే జాబితాలో నుంచి తీసేయండి. అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. గాలి తీసేసి, జడవాయువు నింపి డబ్బాల్లో అమ్మేవారి లెక్క వేరు. 1933లో ఇటలీలోని ట్రియెస్టేలో మొదలైన ఇల్లీ అనే సంస్థ కాఫీని ఇలాగే ఒత్తిడితో మూసిన డబ్బాల్లో అమ్ముతుంది. తొమ్మిది రకాల అరబికా గింజలు కలిపిన ఒకే బ్లెండ్ వారిది. అలాంటి డబ్బాను వేయించిన తేదీ లేదని తోసేయకూడదు. డబ్బా తెరిచాక అది ఎన్నాళ్లు నిలుస్తుందో చూసి రాయాలి.

రెండోది, ఏ గింజలు కలిపారు అన్నది. దేశాల పేర్లు, ఎలా శుద్ధి చేశారో, వీలైతే ఎంత పాళ్లలోనో చెప్పేవారికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పాళ్లు చెప్పకపోవడం వ్యాపార రహస్యం అనుకుని ఊరుకోవచ్చు. 'ఎంపిక చేసిన శ్రేష్ఠమైన గింజలు' అని మాత్రమే రాసి ఊరుకుంటే మీకు పట్టు చిక్కేది ఏమీ ఉండదు.

'100 శాతం అరబికా' అన్న మాట దగ్గర ఆగిపోకండి. అది జాతి పేరు మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. రోబస్టాలో కెఫీన్ అరబికాలో కంటే దాదాపు రెండింతలు, చక్కెరలూ నూనెలూ తక్కువ. అందుకే అది చేదుగా, కటువుగా ఉంటుందన్న పేరు వచ్చింది. కానీ శ్రద్ధగా పండించి, కడిగి ఆరబెట్టిన రోబస్టాను పది ఇరవై శాతం కలిపితే బ్లెండ్‌కు చిక్కదనం, పాలలో నిలబడే బలం వస్తాయి. రోబస్టా ఉందని దాచకుండా చెప్పే రోస్టర్ సమీక్షకు అర్హుడని నా అభిప్రాయం. క్రెమా (షాట్ మీద తేలే నురుగు) మందంగా ఉంటే కాఫీ మంచిదన్న నమ్మకాన్ని కూడా పక్కన పెట్టండి. రోబస్టా ఉన్నా, గింజలు మరీ తాజాగా ఉండి లోపల కార్బన్ డయాక్సైడ్ ఇంకా మిగిలి ఉన్నా క్రెమా బాగా వస్తుంది. రుచి సంగతి అది చెప్పదు.

4. బ్లెండ్ నిలకడదా, మారేదా?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. కాఫీ పంట. బ్రెజిల్‌లో కోత సుమారు మే నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. ఇథియోపియాలో అక్టోబరు ప్రాంతంలో మొదలై జనవరి దాకా ఉంటుంది. కొలంబియాలో ప్రాంతాన్ని బట్టి ఏడాదికి రెండు కోతలు. పచ్చి గింజలు శుద్ధి అయి, ఓడెక్కి, రోస్టర్ గోదాములోకి చేరేసరికి ఇంకొన్ని నెలలు. గోదాములో మరీ ఎక్కువ కాలం ఉన్న పచ్చి గింజల్లో పాత కాగితం వాసన, ఎండుగడ్డి రుచి చేరతాయి. కాబట్టి ఏడాది పొడవునా ఒకే పేరుతో అమ్మే బ్లెండ్ లోపల గింజలు మారుతూనే ఉంటాయి. మారకుండా ఉండవలసింది రుచి. ఒక దేశం గింజ అయిపోయినప్పుడు దానికి దగ్గరి రుచి ఉన్న ఇంకో గింజను వెతికి, వేయించే తీరు సర్దుకుని, తాగేవారికి తేడా తెలియకుండా చూడటమే బ్లెండ్ చేసేవారి అసలు విద్య.

మరి కొందరు రోస్టర్లు మార్పును దాచరు. ఈ మూడు నెలల గింజలు ఇవీ, వచ్చే మూడు నెలలవి అవీ అని సంచి మీదే రాస్తారు. ఇదీ నిజాయితీ గల పద్ధతే. మొదటి రకం బ్లెండ్‌ను రుచి నిలకడను బట్టి ఎంచుకోండి. రెండో రకం విషయంలో ఒక్క సంచిని చూసి తీర్పు చెప్పకండి, మారినప్పుడల్లా స్థాయి నిలుస్తోందా అన్నది చూడండి. ఇబ్బంది పెట్టేది మూడో రకం. పేరు ఒక్కటే, రుచి నెలకొకటి, మార్పు గురించి సంచి మీద ఒక్క ముక్క ఉండదు. అలాంటి దానికి మీరు ఎంత బాగా సమీక్ష రాసినా మర్నాటికే అది అబద్ధం అవుతుంది.

5. రోస్టర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి

ఈమెయిల్ చాలు. మీరే వేయిస్తారా, ఇంకెవరి చేతనైనా వేయించి మీ పేరు వేస్తారా? గింజలను కలిపి వేయిస్తారా, విడివిడిగా వేయించి తరువాత కలుపుతారా? బ్లెండ్‌లోని గింజలు ఎప్పుడెప్పుడు మారతాయి? ఎస్ప్రెస్సో తీయడానికి మీరు చెప్పే కొలతలేమిటి?

మొదటి ప్రశ్నకు తప్పు జవాబంటూ లేదు. వేరేచోట వేయించుకునేవారు ఆ సంగతి దాస్తేనే చిక్కు, ఎందుకంటే అదే గింజను వేర్వేరు పేర్లతో రెండుసార్లు సమీక్షించే ప్రమాదం ఉంది. రెండో ప్రశ్నకు జవాబు సంచి తెరిచినప్పుడు పనికొస్తుంది. విడిగా వేయించి కలిపిన బ్లెండ్‌లో గింజల రంగులు తేడాగా ఉండటం సహజం, దాన్ని లోపమనుకుని రాయకూడదు. కలిపి వేయించినవాటిలో ఆ తేడా ఎక్కువగా ఉంటే మాత్రం అనుమానించాలి.

నాలుగో ప్రశ్న నాకు ఇష్టమైనది. 'పొడి 18 గ్రాములు, కప్పులో 38 గ్రాములు, 28 సెకన్లు, నీరు 93 డిగ్రీలు' అని సూటిగా చెప్పేవారు తమ కాఫీని మెషీన్ మీద చాలాసార్లు తాగి చూసినవారు. 'మీకు నచ్చినట్టు చేసుకోండి' అనేవారికి తమ బ్లెండ్ ఎక్కడ బాగుంటుందో తెలియకపోవచ్చు.

అవార్డులు, మార్కుల విషయంలో నెమ్మదిగా ఉండండి. వంద మార్కుల కొలతలో 80 లేదా అంతకు మించి వస్తే స్పెషాలిటీ కాఫీ అంటారు. 1999లో బ్రెజిల్‌లో మొదలైన కప్ ఆఫ్ ఎక్సలెన్స్ లాంటి పోటీల్లో మార్కులు ఒక రైతు ఇచ్చిన ఒక లాట్‌కు (విడిగా ఉంచిన గింజల రాశికి) పడతాయి. ఆ లాట్ బ్లెండ్‌లో ఎంత ఉందో, అసలు ఇంకా ఉందో లేదో మీకు తెలియదు. ఫెయిర్‌ట్రేడ్ లాంటి ముద్రలు కొనుగోలు షరతుల గురించి చెబుతాయి. అదీ ముఖ్యమే, కానీ రుచికి సాక్ష్యం కాదు.

6. మొదటి వడపోత కప్పింగ్‌తో, రెండోది మెషీన్‌తో

వచ్చిన సంచులన్నిటినీ నేరుగా మెషీన్ మీద పెడితే గింజలూ ఖర్చు, సమయమూ ఖర్చు. ముందు కప్పింగ్ చేయండి, అంటే మెషీన్ లేకుండా పొడిని వేడి నీటిలో నానబెట్టి రుచి చూడండి. 150 మిల్లీలీటర్ల వేడి నీటికి 8.25 గ్రాముల పొడి, నాలుగు నిమిషాలకు పైతెట్టు విడగొట్టడం, చల్లారే కొద్దీ మళ్లీ మళ్లీ రుచి చూడటం. బూజు వాసన, మందుల వాసన, పులిసిన రుచి, మాడు, పాత గోనెసంచి వాసన ఉంటే ఇక్కడే పట్టుబడతాయి. అలాంటివాటిని ముందుకు తీసుకెళ్లనక్కరలేదు. ఫిల్టర్‌తో వడకట్టిన కాఫీ బరువులో గింజ నుంచి కరిగివచ్చిన పదార్థం సుమారు 1.2 నుంచి 1.5 శాతమైతే, ఎస్ప్రెస్సోలో అది 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. కప్పింగ్‌లో లీలగా తోచిన లోపం షాట్‌లో గొంతెత్తి అరుస్తుంది.

అయితే లోపాలు పట్టడం వరకే కప్పింగ్. బ్లెండ్ మంచిచెడ్డలు అక్కడ తేల్చకండి. రోబస్టా ఉన్న బ్లెండ్ కప్పింగ్ బల్ల మీద పేలవంగా ఉండి, మెషీన్ మీద 9 బార్ల ఒత్తిడిలో అద్భుతంగా రావచ్చు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కప్పింగ్‌లో మల్లెపూల వాసన వేసిన తేలికపాటి కాఫీ షాట్‌లో నిమ్మరసంలా పుల్లగా దిగుతుంది.

మెషీన్ దగ్గరకు వచ్చాక గింజలకు తగిన విశ్రాంతి ఇవ్వండి. ముదురుగా వేయించినవాటికి వేయించిన తేదీ నుంచి వారం పది రోజులు, తేలికగా వేయించినవాటికి రెండు మూడు వారాలు. కాఫీ మార్చినప్పుడల్లా గ్రైండర్‌లో మిగిలిన పాత పొడి పోయేలా కొత్త గింజలు కొద్దిగా మర పట్టి పారేయండి. నీరు ఎప్పుడూ ఒకటే వాడండి. మొదట రోస్టర్ చెప్పిన కొలతలతో, తరువాత మీ మామూలు కొలతలతో తీయండి. పాత ఇటాలియన్ తరహా బ్లెండ్ అయితే దాని సొంత కొలత కూడా ఇచ్చి చూడటం న్యాయం. 1998లో ఏర్పడిన ఇటాలియన్ ఎస్ప్రెస్సో జాతీయ సంస్థ లెక్క ప్రకారం సుమారు 7 గ్రాముల పొడి, 25 సెకన్లు, క్రెమాతో కలిపి 25 మిల్లీలీటర్లు.

ఒక్క షాట్‌తో బ్లెండ్‌ను కొట్టిపారేయకండి. వేయించిన గింజ ఒక్కోటి సుమారు 0.13 గ్రాములు తూగుతుంది, అంటే 18 గ్రాముల్లో నూట ముప్పై పైచిలుకు గింజలు. బ్లెండ్‌లో పదో వంతుగా ఉన్న గింజ ఒక షాట్‌లో తొమ్మిది పడొచ్చు, ఇంకో షాట్‌లో పదిహేడు పడొచ్చు. అందుకే బ్లెండ్ రుచి షాట్ షాట్‌కీ కాస్త ఊగుతుంది. ఆ ఊగిసలాటలో ఎక్కడా రుచి చెడకపోతే ఆ బ్లెండ్ పాళ్లు బాగా కుదిరాయని అర్థం. గ్రైండ్ కొద్దిగా అటూ ఇటూ చేసి కూడా చూడండి. రెండు సెకన్లు ముందుకో వెనక్కో జరిగితే తాగలేని విధంగా మారే కాఫీ, ఎంత బాగున్నా, ఎక్కువమందికి చెప్పదగింది కాదు.

7. రెండో సంచి కొనకుండా రాయకండి

నచ్చిన బ్లెండ్ దొరికింది కదా అని వెంటనే రాయాలనిపిస్తుంది. ఆగండి. మొదటి సంచిలో కొంత, విశ్రాంతి పూర్తయ్యాక, షాట్‌కు సరిపడా పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. నాలుగైదు వారాల తరువాత, వేరే తేదీన వేయించిన రెండో సంచిని మామూలు కొనుగోలుదారులాగే కొనండి. మీరు సమీక్షకులని తెలియనివ్వకండి. అది అదే వయసుకు వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.

పోలికకు మూడు కప్పుల పరీక్ష చేయండి. రెండు కప్పుల్లో ఒక సంచిది, మూడో దాంట్లో ఇంకో సంచిది. ఏది ఏదో తెలిసినవారు వేరొకరు అందించాలి. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. ఊరికే ఊహించి చెప్పినా మూడోవంతు సార్లు సరిపోతుంది కాబట్టి ఒక్కసారితో వదలకండి, ఆరుసార్లు చేయండి. ఆరింటిలో ఐదు సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా ఉన్నట్టే. ఊహతో ఐదు గానీ ఆరు గానీ సరిపోయే అవకాశం 2 శాతం లోపే. తేడా ఉందని తేలితే, అది రోస్టర్ ముందే చెప్పిన మార్పా కాదా అన్నది చూడండి. చెప్పిన మార్పే అయి, రెండూ బాగుంటే ఆ బ్లెండ్ జాబితాలో పైకి వెళుతుంది. చెప్పని మార్పయితే మూడో సంచి దాకా ఆగండి.

ఇది ఓపిక పరీక్షించే పని. కానీ సమీక్షకు విలువ వచ్చేది ఇక్కడే. ఒక సంచి తాగి రాసేవారు ఎందరో ఉన్నారు.

8. ఒక వాక్యం రాసి చూడండి

ఇంతదాకా నిలిచిన ప్రతి కాఫీకీ 'దీని గురించి ఎందుకు రాయాలంటే...' అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాయండి. 'ఇంటి మెషీన్ మీద మొదటి షాట్ నుంచే కుదురుకునే తేలికపాటి రోస్ట్', 'రోబస్టా కలిసినా నోట్లో చేదు మిగలని పాల బ్లెండ్' లాంటివి. వాక్యం 'బాగుంది' దగ్గరే ఆగిపోతే దాన్ని పక్కన పెట్టండి. ఇప్పటికే మీరు సమీక్షించిన బ్లెండ్‌కూ దీనికీ ఒకే వాక్యం సరిపోతే రెంటిలో మెరుగైనదాన్నే ఉంచండి.

9. ఉచిత సంచులు, పరిచయాలు, చెడ్డ కాఫీ

రోస్టర్ పంపిన సంచి ప్రత్యేకంగా ఏరి పంపిందో, అల్మారాలోంచి తీసిందో మీకు తెలియదు. అందువల్ల ఉచిత సంచిని పరిచయం కోసం మాత్రమే వాడి, సమీక్షకు కొన్నదాన్నే తీసుకోండి. ఉచితంగా అందిందన్న సంగతి సమీక్ష మొదట్లోనే చెప్పండి. స్నేహితులు నడిపే రోస్టరీ అయితే ఆ పని వేరొకరికి వదిలేయడం మేలు. చదివేవారు ఆ స్నేహాన్ని ఎలాగూ పసిగడతారు.

బాగాలేని కాఫీ గురించి రాయాలా? ఎంతమంది కొంటున్నారన్న దాన్ని బట్టి నేను తేల్చుకుంటాను. విరివిగా అమ్ముడుపోయే బ్లెండ్ మాట తప్పితే తప్పకుండా రాయాలి, ఎందుకంటే జనం డబ్బు అక్కడ పోతోంది. నిన్నగాక మొన్న మొదలైన చిన్న రోస్టర్ బ్యాచ్ చెడితే ముందు వారికే రాయండి. ఏ తేదీ సంచిలో ఏ లోపం కనిపించిందో, ఏ కొలతలతో తీశారో వివరంగా చెప్పండి. జవాబు ఎలా వస్తుందో చూడండి. తప్పు ఒప్పుకుని, కారణం వెతికి, తరువాతి బ్యాచ్ సరిచేసినవారిని మళ్లీ జాబితాలోకి తీసుకోండి.

10. ప్రచురించాక వదిలేయకండి

ప్రతి సమీక్షలోనూ తాగిన రెండు సంచుల్లోని గింజలూ వేయించిన తేదీలు, వాడిన కొలతలు, మెషీన్, గ్రైండర్, నీరు రాయండి. ఏడాదికి ఒకసారైనా అదే బ్లెండ్ మళ్లీ కొని చూడండి. రుచి మారితే పాత సమీక్ష పైభాగంలోనే తేదీ వేసి ఆ సంగతి రాయండి. మారిన బ్లెండ్‌ను కొత్తదానిలాగే చూసి, మూడో మెట్టు నుంచి మళ్లీ పరీక్షించండి.